ఉదయం ఆరు నలభై

ఓడ ఎక్కిన పదో నిమిషంలో తేజశ్రీ ఒక మగాడి మీద పడింది.

తప్పు పూర్తిగా ఆమెది కాదు. పదకొండు అంతస్తుల ఓడ. నడిమి హాల్లో పైకప్పు నుంచి వేలాడుతున్న దీపాల గుత్తులు. తలెత్తి చూడకుండా ఎవరు నడవగలరు? ఆమె తలెత్తి, ట్రాలీ బ్యాగు లాక్కుంటూ వస్తోంది. అతనేమో రిసెప్షన్ కౌంటర్ పక్కన మోకాళ్ల మీద వంగి, సెల్‌ఫోన్ టార్చి వేసి, చెంప నేలకి ఆనించి ఏదో చూస్తున్నాడు.

“సారీ! ఐ యామ్ సో సారీ!” అంది లేస్తూ.

“అమ్మో, నా నడుం!”

“మీరు తెలుగా?”

“నడుం పట్టేస్తే ఇంగ్లిష్‌లో అరవడం నాకింకా రాలేదండీ.”

పాతికేళ్లు దాటి ఉంటాయి. ఎండకి కమిలిన రంగు, తెల్ల చొక్కా, చెంప మీద నేల తడి. నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఆమెకి ధైర్యం వచ్చింది.

“నేల మీద ఏం వెతుకుతున్నారు?”

“వెతకడం లేదు. పలకరిస్తున్నాను.”

“ఎవర్ని?”

“రాయిని.”

తేజశ్రీ ట్రాలీ బ్యాగుని ఇద్దరి మధ్యకి లాక్కుంది.

“భయపడకండి. పిచ్చి లేదు. ఇది మా చీమకుర్తి రాయి. గెలాక్సీ గ్రానైట్. ఇట్లా టార్చి వేసి చూడండి, నల్లటి దాంట్లో బంగారు చుక్కలు కనబడతాయి. మాది మార్టూరు. పాలిషింగ్ యూనిట్ ఉంది. మన వైపు రాయి మనకంటే ముందే ఓడెక్కి వచ్చి ఇక్కడ పడుకుంది. పలకరించకపోతే బాగుంటుందా?”

ఆమె వంగి చూసింది. నిజమే. నల్లటి నేలలో సన్నటి బంగారు మెరుపులు. తెలియకుండానే చేత్తో రాసింది.

“మీదే ఊరు?” అన్నాడతను.

“ప్రత్తిపాడు. గుంటూరు దగ్గర.”

“మిరపకాయల వాళ్లా! అందుకే.”

“అందుకే ఏంటి?”

“తగలగానే మండింది.”

ఆమె సమాధానం వెతుక్కునేలోపు లిఫ్టు వచ్చింది. అతను నడుం పట్టుకుని కుంటుతూ అందులో ఎక్కాడు. తలుపు మూసుకునే క్షణంలో కుంటడం మానేసి చెయ్యి ఊపాడు.

* * *

తేజశ్రీ తండ్రి అంకమ్మరావుకి ప్రత్తిపాడులో విత్తనాలు, పురుగుమందుల దుకాణం. ఆ ఏడు అమ్మకాలు బాగా చేసిన డీలర్లకి కంపెనీవాళ్లు ఇద్దరేసి చొప్పున వారం రోజుల ఓడ ప్రయాణం ఇచ్చారు. సింగపూర్‌లో ఆదివారం ఎక్కడం, పెనాంగ్, లంకావి, ఫుకెట్ చూసుకుని మళ్లీ ఆదివారానికి సింగపూర్‌లో దిగడం. అమ్మకి నీళ్లంటే భయం. కృష్ణ పుష్కరాలకే మెట్టు దిగని మనిషి. అందుకని ఆ రెండో సీటు కూతురికి వచ్చింది.

అంకమ్మరావుకి నిక్కచ్చి మనిషి అని పేరు. ఆయన నమ్మేవి రెండే. ఒకటి పంచాంగం. వర్జ్యం చూడకుండా దుకాణంలో స్ప్రేయర్ డబ్బా కూడా విప్పడు. రెండోది కూతురి మాట. “మా తేజ నాతో అబద్ధం ఆడదు” అని ఎరువుల కట్టల మీద కూర్చున్న ప్రతి రైతుకీ చెబుతాడు.

రాత్రి భోజనాల వేళ ఆయన ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత తీశాడు. ఆ వాసనకి మూడు టేబుళ్ల అవతల నుంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. నేత చీర, కాళ్లకి మనవడి స్పోర్ట్స్ షూస్.

“ఎవరయ్యా నువ్వు, దేవుడల్లే?” అంది.

“కూర్చోండమ్మా! పళ్లెం తెప్పించనా?”

“పళ్లెం ఉంది. అందులో పెట్టుకునేదే లేదు. అన్నీ చప్పిడి. ఒరేయ్ కిష్టా, ఇటు రా!”

ఆ కిష్టుడు వచ్చాడు. తెల్ల చొక్కా. ఈసారి కుంటడం లేదు.

“నడుం ఎలా ఉందండీ?” అంది తేజశ్రీ.

“మనిషిని బట్టి నొప్పి వస్తుంది, పోతుంది” అన్నాడు పక్క కుర్చీ లాక్కుంటూ.

ఆవిడ పేరు సుబ్బరావమ్మ. మనవడు చైతన్యకృష్ణ. నలభై ఏళ్లుగా వాళ్ల రాయి ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోతోంది, అదెట్లా పోతుందో చూడాలని ఆవిడకి కోరిక. సామాన్ల ఓడ వేరు, మనుషుల ఓడ వేరు అని మనవడు చెప్పినా వినలేదు. ఓడ ఓడే అంది.

“మార్టూరా?” అంకమ్మరావు ముద్ద ఆపాడు. “గ్రానైట్ యూనిట్టా? మొన్న డిసెంబర్లో మీ అబ్బాయికి సంబంధాలు చూశారా?”

“చూశాం. ప్రత్తిపాడు వాళ్లెవరో జాతకాలు అస్సలు కుదర్లేదని కబురు చేశారు...” సుబ్బరావమ్మ చెయ్యి గాల్లో ఆగింది. “నువ్వేనా?”

“నేనేనమ్మా!”

“ఇంత మంచి గోంగూర ఉన్న ఇల్లు చేజారిందటయ్యా!”

ఇద్దరూ టేబుల్ అదిరేలా నవ్వారు. తేజశ్రీ చేతిలోంచి చెంచా జారి కింద పడింది.

డిసెంబర్. ఆ ఫొటో. నల్లటి రాతి పలక ముందు సూటు, చలువ కళ్లద్దాలు వేసుకుని నిలబడ్డ మనిషి. అద్దాలు తీసేస్తే ఈ కళ్లు ఉంటాయని ఎవరికి తెలుసు?

“అయితే ఆ అమ్మాయి మీరేనా?” అన్నాడు చైతన్య చెంచా తీసిస్తూ. “మీ ఫొటో మాకు రానే లేదు.”

“జాతకం కుదిరాకే ఆడపిల్ల ఫొటో ఇవ్వడం మా ఇంటి పద్ధతి” అన్నాడు అంకమ్మరావు.

“మంచి పద్ధతి. ఇవాళ ఢీకొన్నప్పుడే అనుమానం వచ్చింది నాకు. గ్రహాలు అట్లా ఉన్నాయన్న మాట.”

తేజశ్రీ నవ్వింది. గ్రహాల తప్పేం లేదని ఆ ఓడలో తెలిసింది ఆమె ఒక్కదానికే.

డిసెంబర్లో జరిగింది చాలా చిన్న పని. ఆమె అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, దుకాణం వెనక ఎకరంలో షేడ్‌నెట్, అంటే నీడ వల, వేసి మిరప నారు పెంచడం మొదలుపెట్టింది. మొదటి ఏడు నారు కొన్న రైతులు రెండో ఏడు వాళ్ల బావమరదుల్ని తీసుకొచ్చారు. సరిగ్గా అప్పుడు పెళ్లి మాట వచ్చింది. పెళ్లంటే ఆ నెట్ విప్పి మడతపెట్టడమే అనుకుంది. నాన్న “నీ పుట్టిన టైము పంతులుగారికి వాట్సాప్ పెట్టమ్మా” అన్నాడు. ఆమె పుట్టింది ఉదయం ఆరు నలభైకి. సాయంత్రం ఆరు నలభై అని టైపు చేసింది. ఒక్క మాట మార్చింది, అంతే. రాధాకృష్ణమూర్తి పంతులుగారు నిజాయితీగా లెక్కవేసి, కుదరదన్నారు.

ఎవరికీ నష్టం లేని అబద్ధం. ఆరు నెలలుగా అట్లాగే అనుకుంది.

* * *

ఆ తర్వాత జరిగిన తమాషా ఏంటంటే, పెద్దవాళ్లిద్దరూ వాళ్లని పూర్తిగా వదిలేశారు. కంపెనీ తరఫున వచ్చిన టూర్ మేనేజర్ సిలార్ సోమవారం పొద్దున గుసగుసగా అన్నాడు. “సార్, మీ అమ్మాయి ఆ అబ్బాయితో పై డెక్ మీద తిరుగుతోంది.”

“తిరగనీవయ్యా. వాళ్లకి జాతకాలు కుదర్లేదు” అన్నాడు అంకమ్మరావు నిశ్చింతగా.

పై డెక్ మీద వాళ్లు పందెం వేసుకున్నారు. ఈ ఓడలో మన నేలవి ఏమేం ఉన్నాయి? ఎక్కువ పట్టుకున్నవాళ్లు గెలిచినట్టు.

చైతన్య మొదటి గంటలోనే లిఫ్టు గడపలు, బార్ కౌంటర్, కెప్టెన్ ఫొటో కింద పలక లెక్కచెప్పాడు. తేజశ్రీ పిజ్జాల దగ్గర కారం గింజల డబ్బా మూత తీసి వాసన చూసింది.

“మనది కాదు” అంది దిగులుగా.

“వాసనకే తెలిసిపోతుందా?”

“ఇది వేరే కాయ. కోసి నెలలైంది. మన తేజ రకం అయితే మూత తీస్తున్నప్పుడే మీకు తుమ్ము రావాలి.”

“తేజ అంటే మిరపకాయ పేరా? మరి మీకు...”

“మా నాన్న పెట్టాడు. నవ్వితే ఊరుకోను.”

“నవ్వడం లేదండీ. తుమ్ము ఆపుకుంటున్నాను.”

ఆమె ఈత కొలను పక్కన బల్ల మీద మడతపెట్టిన నీలం తువ్వాలు ఒకటి తీసి అతని మీదకి విసిరింది. విసిరిన తర్వాత తట్టింది. “ఇది నాకో పాయింటు! పత్తి!”

“ఏ దేశం పత్తో ఎవరికి తెలుసు?”

“మన నల్లరేగడి పత్తి కాదని రుజువు చేయండి.”

అతను తువ్వాలు మెడలో వేసుకుని ఆలోచించాడు. “చేయలేను. ఒప్పుకున్నా. కానీ రుజువయ్యేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది.”

మంగళవారం పెనాంగ్‌లో దిగారు. సందు నిండా పళ్ల బండ్లు. సుబ్బరావమ్మ ఒక బండి దగ్గర ఆగి, మనవడి మెడలోంచి ఆ తువ్వాలు లాగి, బండివాడి చేతి మీద కప్పి, కింద నుంచి అతని వేళ్లు పట్టుకుంది. అతను బిత్తరపోయి చూశాడు.

“నాయనమ్మా! ఇది ఎడ్ల సంత కాదు!” అని చైతన్య పరిగెత్తాడు.

అంకమ్మరావు కళ్లు మెరిశాయి. “ఎడ్ల బేరం! మా తాత చేసేవాడు! తువ్వాలు కింద వేళ్లతో ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. మీకెట్లా వచ్చమ్మా?”

“మా ఆయన ఒంగోలు ఎడ్ల బేరగాడు. ఆయన పోయాక నేనే సంతకి పోయా. ఆడదాని చెయ్యి పట్టుకోవడానికి మగాళ్లు సిగ్గుపడి, అడిగిన ధరకే ఇచ్చేవాళ్లు. ఆ ఎడ్ల మీద వచ్చిందే మా మొదటి రాళ్ల మిషను” అంది సుబ్బరావమ్మ దర్జాగా.

బండివాడు భయపడి రెండు రంబుటాన్ పళ్లు ఎక్కువే వేశాడు.

బుధవారం లంకావిలో కేబుల్ కారు. తేజశ్రీ కింద లోయని చూసి కళ్లు మూసుకుంటే చైతన్య ఆటపట్టించకుండా తన పాలిషింగ్ యూనిట్లో దుమ్ము లేకుండా నీళ్లతో కోసే కొత్త రంపం గురించి పది నిమిషాలు చెప్పాడు. దిగేదాకా భయం గుర్తు రాలేదు. ఆమె నారు గురించి చెప్పింది. ట్రేలో గింజ మొలకెత్తే మూడో రోజు గురించి, తెల్లదోమ గురించి, చలపతి అనే రైతు తన నారు చూసి “ఇది మొక్క కాదమ్మాయ్, పిల్ల” అన్నదాని గురించి.

“ఆ నర్సరీ ఎప్పుడూ మూయకండి” అన్నాడతను.

ఆమె అతని వైపు చూసింది. ఆరు నెలల క్రితం ఈ ఒక్క మాట అనే మనిషి ఉంటాడని తెలిస్తే ఉదయాన్ని సాయంత్రం చేసేదా?

* * *

శుక్రవారం ఫుకెట్‌లో వాన. మామూలు వాన కాదు, డబ్బాలతో గుమ్మరించినట్టు. పెద్దవాళ్లు ముందు వ్యానులో వెళ్లిపోయారు. వీళ్లిద్దరూ రేవు దగ్గర కొబ్బరిబోండాల కొట్టు రేకు కింద చిక్కుకుపోయారు. రేకు మీద చప్పుడుకి మాట వినపడాలంటే దగ్గరగా నిలబడాల్సి వస్తోంది. ఇద్దరూ దానికి అభ్యంతరం చెప్పలేదు.

“రేపొక్క రోజే” అన్నాడు చైతన్య.

“ఊఁ.”

“ఎల్లుండి దిగాక నువ్వు ప్రత్తిపాడు, నేను మార్టూరు.”

నువ్వు. ఆ మాట ఆమెకి వాన చప్పుడులో కూడా స్పష్టంగా వినబడింది.

“గంట ప్రయాణమేగా” అంది.

“తేజా, నాకు జాతకాల మీద నమ్మకం లేదు. నాయనమ్మ మీద ఉంది. మా నాన్న సంతకాలు పెడతాడుగానీ మా ఇంట్లో నిర్ణయాలు ఆవిడవి. ఆవిడ మనసు కష్టపెట్టి నేను సుఖంగా ఉండలేను. అందుకని నిన్నేమీ అడగడం లేదు. చెబుతున్నానంతే. నువ్వంటే నాకిష్టం. చెప్పకుండా దిగిపోతే జీవితాంతం ఈ రేకు చప్పుడు వినిపిస్తూ ఉంటుంది.”

తేజశ్రీ నోరు తెరిచింది. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే సిలార్ గొడుగు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. “అమ్మా, ఓడ వదిలేస్తుంది! రండి, రండి!”

* * *

శనివారం ఓడ నడిసముద్రంలో ఉంది. పొద్దున టిఫిన్ల దగ్గర నలభై మంది డీలర్లు ఇడ్లీ గిన్నె చుట్టూ మూగారు. వారానికి ఒక్కసారి వంటవాడు కనికరించి ఇడ్లీ చేశాడు. సుబ్బరావమ్మ మాత్రం కిటికీ పక్కన ఖాళీ టేబుల్ ముందు కూర్చుని సముద్రం చూస్తోంది. ఎదురుగా గ్లాసు మంచినీళ్లు.

తేజశ్రీ నాలుగు ఇడ్లీలు, కారప్పొడి తెచ్చి ముందు పెట్టింది. “తినండి నాయనమ్మగారూ. ఆలస్యం చేస్తే అయిపోతాయి.”

“శనివారం గదమ్మా. నేను తినను.”

“ఎప్పట్నుంచీ?”

“డిసెంబర్ నుంచి. ఇవాళ్టితో ఇరవై ఆరు. మీ పంతులుగారు అస్సలు కుదరదన్నారని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. మా వాడి జాతకంలోనే ఏదో శని పట్టింది, లేకపోతే అంత మంచి సంబంధం ఎందుకు పోతుంది? నలభై శనివారాలు కటిక ఉపవాసం మొక్కుకున్నా. అవి అయ్యేదాకా ఇంకో సంబంధం చూడొద్దన్నా. వాడికి చెప్పకు, తిడతాడు. నాకేదో అరుగుదల లేదని వాడికి చెప్పాను.”

తేజశ్రీ పళ్లెం వైపు చూసింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఇరవై ఆరు శనివారాలు. ఎవరికీ నష్టం లేని అబద్ధం!

లేచి నేరుగా పై డెక్‌కి వెళ్లింది. చైతన్య రెయిలింగ్ దగ్గర ఉన్నాడు. మెడలో నీలం తువ్వాలు.

ఆమె ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది. ఉదయం, సాయంత్రం, షేడ్‌నెట్, ఫొటో, శనివారాలు.

అతని ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“నన్ను చూడకుండానే వద్దన్నావు. అది నీ ఇష్టం. దానికి నాకు కోపం లేదు” అన్నాడు చివరికి. “కానీ వద్దని చెప్పడానికి ఒక్క మాట చాలు కదా తేజా. నాలో లోపం ఉందని మా నాయనమ్మ ఆరు నెలలుగా పస్తులుంటోందా?”

“నాకు తెలియదు.”

“తెలియదు. నిజమే.” అతను తువ్వాలు తీసి రెయిలింగ్ మీద వేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తేజశ్రీ ఏడవలేదు. ఏడవడానికి తీరిక లేదు. ఇంకా ఇద్దరికి చెప్పాలి. రేపు పొద్దున ఓడ దిగితే ఎవరి దారి వాళ్లది, ఎవరి ఊరు వాళ్లది. ఆ అబద్ధం ఇంకో పద్నాలుగు శనివారాలు ఆ ముసలి కడుపుని మాడుస్తుంది. చైతన్య తనతో మాట్లాడినా మాట్లాడకపోయినా అది జరగడానికి వీల్లేదు. తువ్వాలు తీసుకుని కిందికి వచ్చింది.

అంకమ్మరావు అప్పుడే సుబ్బరావమ్మ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు.

“నాన్నా, నేను నీకు అబద్ధం చెప్పాను” అంది నిలబడే.

ఆయన నవ్వాడు. “నువ్వా? పోవే.”

“డిసెంబర్లో పంతులుగారికి టైము మార్చి పంపాను. ఉదయం ఆరు నలభై కాదు, సాయంత్రం అని పెట్టాను. జాతకాలు కుదరకపోవడానికి కారణం నేను. గ్రహాలు కాదు. నాయనమ్మగారూ, మీ మనవడికి ఏ దోషమూ లేదు. మీరు ఉపవాసం ఉన్నది నా అబద్ధానికి.”

టీ కప్పు కింద పెట్టిన చప్పుడు గట్టిగా వినబడింది. పక్క టేబుల్ డీలర్లు కూడా ఇడ్లీ నమలడం ఆపారు.

“ఎందుకమ్మా?” అన్నాడు అంకమ్మరావు. కోపం లేదు ఆ గొంతులో. అదే ఎక్కువ గుచ్చుకుంది. “నాకీ పెళ్లి వద్దు నాన్నా అంటే సరిపోయేది గదా.”

“అంటే వినేవాడివా?”

ఆయన నిక్కచ్చి మనిషి. లెక్క తనవైపు తప్పినా తప్పని ఒప్పుకుంటాడు.

“వినేవాణ్ణి కాదు” అన్నాడు.

సుబ్బరావమ్మ చూపు తేజశ్రీ భుజం మీదుగా వెనక్కి పోయింది. గుమ్మంలో చైతన్య నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

“ఏరా, ఈ పిల్ల నీకు ముందే చెప్పిందా?”

“ఇప్పుడే చెప్పింది నాయనమ్మా.”

“మరి నువ్వేం చేశావు?”

“...అలిగి వెళ్లిపోయా.”

“నువ్వు పోయినా మళ్లీ వచ్చి మాకు చెప్పిందన్న మాట.” ఆవిడ ఇడ్లీ పళ్లెం ముందుకి లాక్కుంది. “లేని దోషానికి ఉపవాసమేంది! అమ్మాయ్, ఆ కారప్పొడి ఇటియ్యి. ఇరవై ఆరు టిఫిన్లు బాకీ పడ్డావు నాకు. ఒక్కొక్కటే పెట్టి తీర్చుకో. దగ్గర కూర్చో ముందు.”

తేజశ్రీ కూర్చుంది. అప్పుడు వచ్చాయి కన్నీళ్లు. “ఏడవకు, కారం కళ్లలో పడుద్ది” అంది సుబ్బరావమ్మ మొదటి ముద్ద మింగుతూ.

అంకమ్మరావు లేచి బయటికి నడిచి, సెల్‌ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. “పంతులుగారూ! మా అమ్మాయి పుట్టింది ఉదయమండీ, ఉదయం! ఆరు నలభై! మళ్లీ చూడండి!” కంపెనీ ఇచ్చిన ఇంటర్నెట్ ఆ వాయిస్ మెసేజ్‌తో సరిగ్గా అయిపోయింది.

* * *

ఆదివారం తెల్లవారుతుండగా దూరంగా సింగపూర్ కనబడింది. సామాన్లు సర్దుకుని నలుగురూ పై డెక్ మీద చేరారు. జవాబు ఇంకా రాలేదు. అంకమ్మరావు ఫోను ఎత్తి నాలుగు దిక్కులా సిగ్నల్ వెతుకుతున్నాడు.

“ఆ ఫోను లోపల పెట్టు అంకమ్మరావూ” అంది సుబ్బరావమ్మ. “కిష్టా, తువ్వాలు.”

“ఎందుకు నాయనమ్మా?”

“బేరానికి.”

తేజశ్రీ దగ్గరున్న నీలం తువ్వాలు ఆవిడే లాక్కుని అంకమ్మరావు చేతి మీద కప్పింది. ఆయన తబ్బిబ్బయ్యాడు. “పంతులుగారి మాట రానివ్వండమ్మా!”

“పోయినసారి ఆయన మాట విని ఆరు నెలలు పోగొట్టుకున్నాం. ఈసారి పిల్లని నా కళ్లతో చూశా. నలభై మంది ముందు తన తప్పు తానే చెప్పింది. సంతలో ఎద్దుని కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నడక చూస్తాం, పంచాంగం ఎవడు చూస్తాడు? చెయ్యి ఇయ్యి. పెళ్లికి ఎన్ని నెలలో చెప్పు.”

తువ్వాలు కింద వేళ్లు కదిలాయి. ఆవిడ ముందు రెండు వేళ్లు నొక్కినట్టుంది. అంకమ్మరావు అదిరిపడ్డాడు. “ఆగస్టా! అప్పుడు దుకాణంలో ఊపిరాడదు! మిరపకాయలు అమ్మాకే, వేసవిలో!” అంటూ బయటికే అరిచేశాడు.

“గట్టిగా చెప్తే బేరమెట్లా అవుద్దయ్యా? వేళ్లతో చెప్పు!”

తేజశ్రీ లెక్క వేసుకుంది. ఆగస్టు అంటే ట్రేల నిండా నారు. వేసవి అంటే పది నెలలు. ఎవరికీ తెలియకుండా తన చెయ్యి వెనక్కి పెట్టుకుని అయిదు వేళ్లూ చాపింది. నవంబరు. ఆఖరి నారు ట్రే కూడా పొలానికి వెళ్లిపోయే నెల.

తువ్వాలు కుదుపులు ఆగాయి. సుబ్బరావమ్మ అంకమ్మరావు చెయ్యి పూర్తిగా పట్టుకుని ఊపింది.

“అయిదు. కార్తీకం” అంది.

తేజశ్రీ ఆశ్చర్యంగా చూసింది. ఆవిడ కన్ను గీటింది. “నీ వెనక అద్దాల తలుపు ఉందమ్మాయ్. అన్నీ కనబడతన్నయ్.”

అప్పుడు ఫోన్లో వాయిస్ మెసేజ్ మోగింది. అంకమ్మరావు గబుక్కున నొక్కాడు. రాధాకృష్ణమూర్తి పంతులుగారి గొంతు డెక్ అంతా పలికింది.

“అంకమ్మరావుగారూ, ఈ టైముకి నక్షత్రమే మారిపోయిందయ్యా! ముప్పై ఆరు గుణాలకి ఇరవై తొమ్మిది కుదిరాయి. దివ్యంగా ఉంది. ఇది ముందే పంపితే ఈపాటికి పెళ్లి భోజనం కూడా అరిగిపోయేది కదా!”

“చూశారా!” అన్నాడు అంకమ్మరావు, అదంతా తానే కుదిర్చినట్టు. సుబ్బరావమ్మ పంతులుగారి మాట మళ్లీ పెట్టమంది. రెండోసారి, మూడోసారి వింది. నమ్మకం లేనట్టు నటించిందిగానీ ఆ ఇరవై తొమ్మిది ఆవిడకి బాగా నచ్చింది.

పెద్దవాళ్లిద్దరూ సామాన్ల వైపు నడిచారు. తువ్వాలు కుర్చీ మీద ఉండిపోయింది. చైతన్య దాన్ని తీసి దులిపాడు.

“నిన్న వెళ్లిపోవడం నా తప్పు” అన్నాడు.

“పస్తులు పెట్టడం నా తప్పు.”

“అయితే చెల్లు. చూడకుండా వద్దన్నావు. ఇప్పుడు వారం రోజులు చూశావు. ఏమంటావు?”

“నా నర్సరీ ఉంటుంది.”

“అది అడగాల్సిన పనే లేదు. వారానికి ఎన్ని రోజులు కావాలో చెప్పు.” తువ్వాలు తన చేతి మీద కప్పుకుని ముందుకి చాపాడు.

తేజశ్రీ అటూ ఇటూ చూసి చెయ్యి కిందికి దూర్చింది. రాళ్లతో పనిచేసే చెయ్యి. గరుకుగా, వెచ్చగా ఉంది. అయిదు వేళ్లు నొక్కింది. ఆగి, ఇంకొకటి నొక్కింది.

“ఆరా! నాకు ఒక్క రోజేనా?” అన్నాడు చైతన్య లబోదిబోమంటూ.

“గట్టిగా చెప్తే బేరమెట్లా అవుద్దయ్యా?”

“సరే, ఆరూ నీకే. పొద్దున నేనే దింపుతా, సాయంత్రం నేనే తీసుకెళ్తా. దారి గంట. రోజుకి రెండు గంటలు కారులో నాదానివి. ఆదివారం మొత్తం నాది. ఒప్పుకుంటావా?”

ఓడ రేవుకి ఆనింది. చిన్న కుదుపు. కింద జనం కేకలు వేశారు. దూరం నుంచి సిలార్ అరుస్తున్నాడు. “అమ్మా, తేజమ్మా! దిగాలి! ఆ టవల్ ఓడ వాళ్లది, ఇచ్చేసి రండి!”

“ఇస్తాం!” అంది తేజశ్రీ. “బేరం ఇంకా తెగలేదు!”

అయితే తువ్వాలు కింద ఆమె చెయ్యి ఎప్పుడో ఒప్పేసుకుంది.